ఒకటి దాటిన గ్రాఫ్

మా మినీ ప్రాజెక్ట్ గ్రాఫ్ 1 దగ్గర ఆగాలి. ఆగలేదు. 1.37 దాకా వెళ్ళి కూర్చుంది. అంటే నా కోడ్ లెక్క ప్రకారం ఒక అల్యూమినియం పలక నూటికి 137 శాతం మారిపోయింది. టైము రాత్రి రెండున్నర. పొద్దున తొమ్మిదింటికి రివ్యూ.

ఈ వ్యాసం కోల్మోగోరోవ్ అనే రష్యన్ గణితవేత్త గురించి. కానీ ఆయన నాకు పరిచయం అయింది ఆ రాత్రి వల్లే కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను. (నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క సరిచేస్తుందని ధైర్యం.)

ప్రాజెక్ట్ ఏంటంటే, అల్యూమినియం హాట్ రోలింగ్‌ని కంప్యూటర్లో మోడల్ చెయ్యడం. అల్యూమినియం మిశ్రమ లోహపు దిమ్మెని 400, 500 డిగ్రీల వేడిలో రెండు రోలర్ల మధ్య నుంచి పంపి నొక్కుతారు. మనం చపాతీ ఒత్తినట్టే, కాకపోతే ఇక్కడ అర మీటరు మందం ఉన్న దిమ్మె కొన్ని మిల్లీమీటర్లకి దిగుతుంది. ఒక్కోసారి నొక్కడాన్ని పాస్ అంటారు. లోహం లోపల గ్రెయిన్లు ఉంటాయి, అంటే చిన్న చిన్న స్ఫటికాలు. నొక్కినప్పుడు అవి నలిగి పొడుగ్గా సాగుతాయి, నలిగిన శక్తిలో కొంత లోపలే దాచుకుంటాయి. వేడి ఇంకా ఉంది కనక ఒక పాస్‌కీ ఇంకో పాస్‌కీ మధ్య ఆ నలిగిన గ్రెయిన్లలోంచి కొత్తవి పుట్టి, పెరిగి, పాతవాటిని తినేస్తాయి. దీన్నే రీక్రిస్టలైజేషన్ అంటారు. ఎంత భాగం కొత్తదయిందో తెలిస్తే తర్వాతి పాస్‌లో మిల్లు ఎంత బలం పెట్టాలో, చివర్లో వచ్చే రేకు ఎంత మెత్తగా ఉంటుందో అంచనా వెయ్యొచ్చు. నా కోడ్ చెయ్యాల్సింది ఆ భాగాన్ని లెక్కపెట్టడం. నేనేం చేశానంటే, పుట్టిన ప్రతి కొత్త గ్రెయిన్‌నీ ఒక గోళం అనుకుని, అన్ని గోళాల ఘనపరిమాణం కూడేశాను. చిన్నప్పటి నుంచీ మనకి నేర్పింది కూడికే కదా.

నా రూమ్మేట్ మెటలర్జీ బ్రాంచి. నేను కీబోర్డ్ కొట్టే చప్పుడికి లేచి వచ్చి స్క్రీన్ చూశాడు, నవ్వాడు. పక్కపక్కన ఉన్న రెండు గ్రెయిన్లు ఒకే చోటుని తింటే నేను దాన్ని రెండుసార్లు లెక్కేస్తున్నానని చెప్పాడు. నా రికార్డ్ పుస్తకం వెనక అట్ట మీద ఒక్క లైను రాశాడు. వచ్చిన మొత్తాన్ని మైనస్ పెట్టి ఎక్స్‌పొనెన్షియల్‌లో పెట్టు, దాన్ని 1లోంచి తీసెయ్, అంతే. 1.37 కాస్తా 0.75 అయింది. వాడు వెళ్ళి పడుకున్నాడు.

పోస్టర్ మీద మా సీఎస్ఈ వాళ్ళం నలుగురి పేర్లూ పెట్టుకున్నాం. ఆ లైను పక్కన అవ్రామీ సమీకరణం అని రాశాం, ఎందుకంటే నెట్లో మొదట దొరికిన పేరు అదే. రెండో బహుమతి వచ్చింది. కారిడార్లో పోస్టర్ ముందు నిలబడి రూమ్మేట్ మొత్తం చదివాడు. వాడి పేరు లేదన్న సంగతి ఎత్తనే లేదు. వాళ్ళ క్లాసులో ఆ సమీకరణాన్ని జేఎంఏకే అంటారని, మేం కే ని వదిలేశామని మాత్రం అన్నాడు. కే అంటే ఎవరో నాకు తెలియదు. తెలిసినట్టు తలూపాను.

ఆ రాత్రి వెతికాను. జే అంటే జాన్సన్, ఎం అంటే మెల్, ఏ అంటే అవ్రామీ. ముగ్గురూ అమెరికాలో 1939, ఆ తర్వాత రాసినవాళ్ళు. కే అంటే ఆంద్రేయ్ నికొలాయెవిచ్ కోల్మోగోరోవ్, మాస్కో, 1937. అందరికంటే ముందు రాసినాయన పేరు చివర్లో ఉంది, చాలా పుస్తకాల్లో అసలు లేనే లేదు. ప్రాబబిలిటీ సిలబస్‌లో, కోల్మోగోరోవ్ కాంప్లెక్సిటీలో ఉన్న కోల్మోగోరోవ్, ఈ అల్యూమినియం కోల్మోగోరోవ్ ఒకరే అని నమ్మడానికి కాసేపు పట్టింది.

ఆయన పుట్టింది 1903 ఏప్రిల్ 25న, రష్యాలోని తంబోవ్ అనే ఊళ్ళో. తల్లి మరియా క్రిమియా నుంచి ఇంటికి వెళుతూ దారిలో అక్కడ ఆగింది, ప్రసవంలోనే చనిపోయింది. తండ్రి వ్యవసాయ నిపుణుడు, పిల్లాడి పెంపకంలో ఆయన పాత్ర ఏమీ లేదు. తర్వాత అంతర్యుద్ధంలో పోయాడు. పిల్లాణ్ణి పెంచింది వెరా పిన్ని, యారొస్లావ్ల్ దగ్గర తునోష్న పల్లెలో, తాతగారింట్లో. ఇంటి పేరు కూడా తల్లి వైపుదే వచ్చింది.

ఆ ఇంట్లో పిన్నిలు చుట్టుపక్కల పిల్లలకి చిన్న బడి నడిపేవారు. పిల్లలు రాసినవన్నీ కలిపి ఒక ఇంటి పత్రిక కూడా తెచ్చేవారు. వసంతంలో వచ్చే వానకోయిలల పేరు పెట్టారు దానికి. అయిదారేళ్ళ ఆంద్రేయ్ అందులో గణితం పేజీకి ఎడిటర్. బేసి సంఖ్యలు వరసగా కూడుకుంటూ పోతే ప్రతిసారీ వర్గమే వస్తుందని (1, తర్వాత 1+3=4, తర్వాత 1+3+5=9) తనంతట తను కనిపెట్టి అందులో వేశాడు. ఆయన మొదటి పబ్లికేషన్ మనలాంటి పత్రికలోనే వచ్చిందన్నమాట. ఎడిటర్ అక్క ఇది కత్తిరించకూడదని మనవి.

ఏడేళ్ళప్పుడు పిన్నితో మాస్కో వచ్చాడు. బడి మంచిదే, కానీ మధ్యలో విప్లవం, యుద్ధం, ఆకలి. కొన్నాళ్ళు చదువు పక్కనపెట్టి కజాన్ నుంచి యెకాతెరిన్‌బుర్గ్‌కి వేస్తున్న రైలు మార్గంలో పనికి వెళ్ళాడు. అక్కడ ఖాళీ దొరికినప్పుడల్లా చదువుకుని, బడి ఆఖరి పరీక్షలు ప్రైవేటుగా రాద్దామని తయారై వచ్చాడు. పరీక్ష పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దానికి ఆయన నిరాశపడ్డాడు. పరీక్ష పెట్టలేదని బాధపడే మనిషి మన హాస్టల్లో ఒక్కడు కూడా దొరకడు.

1920లో మాస్కో యూనివర్సిటీలో చేరాడు. మొదటి కొన్ని నెలల్లోనే ఫస్ట్ ఇయర్ పరీక్షలన్నీ రాసేశాడు. కారణం జ్ఞానదాహం ఒక్కటే కాదు. సెకండ్ ఇయర్ వాళ్ళకి నెలకి 16 కిలోల రొట్టె, ఒక కిలో వెన్న ఇచ్చేవారు. ఆ రోజుల్లో అదే పెద్ద ఆస్తి. బట్టలు ఉన్నాయి. బూట్లు లేవు, చెక్కతో తనే చేసుకున్నాడు. మరోపక్క చరిత్ర సెమినార్‌కి కూడా వెళుతూ, 15, 16 శతాబ్దాల్లో నొవ్‌గొరొద్‌లో భూములు ఎవరి చేతిలో ఎలా ఉండేవో లెక్కలు కట్టి వ్యాసం చదివాడు. మాష్టారు మెచ్చుకుంటూనే, దీనికి ఒక్క రుజువే ఉంది, చరిత్రలో కనీసం అయిదు కావాలన్నాడని, అందుకే ఒక్క రుజువు చాలే సబ్జెక్టుకి మారిపోయాడని కోల్మోగోరోవ్ తర్వాత సరదాగా చెప్పేవాడట.

1922. ఆయనకి 19 ఏళ్ళు. ఫూరియే సిరీస్ మనం ఎం-త్రీలో చదివాం, పాసయ్యాం, మర్చిపోయాం. ఒక ఫంక్షన్‌ని సైన్లు, కొసైన్ల మొత్తంగా రాస్తే ఆ మొత్తం మళ్ళీ ఆ ఫంక్షన్ దగ్గరికే చేరుతుందని మామూలుగా అనుకుంటాం. ఈ 19 ఏళ్ళ అబ్బాయి, ఇంటిగ్రేట్ చెయ్యగలిగిన ఒక ఫంక్షన్ కట్టి చూపించాడు, దాని ఫూరియే సిరీస్ దాదాపు ఏ బిందువు దగ్గరా నిలవదు. ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది దీంతో. నాకూ 19. నా గ్రాఫూ నిలవలేదు, కానీ అది వేరే విషయం.

ఆయన గురువు నికొలాయ్ లూజిన్. చుట్టూ మెరికల్లాంటి శిష్యులతో వెలిగిన మాష్టారు. కోల్మోగోరోవ్ కథలో నాకు మింగుడుపడని భాగం ఈయనతోనే వస్తుంది.

మధ్యలో పదేళ్ళు దాటేస్తాను, అవన్నీ విజయాలే. 1929లో పావెల్ అలెగ్జాండ్రోవ్ అనే గణితవేత్తతో కలిసి వోల్గా నది మీద పడవ ప్రయాణం, జీవితాంతం నిలిచిన స్నేహం. 1931లో ప్రొఫెసర్. 1933లో ప్రాబబిలిటీకి పునాది వేసిన చిన్న పుస్తకం, జర్మన్ భాషలో. శాంపిల్ స్పేస్, ఈవెంట్, మొత్తం సంభావ్యత 1 అని మన యూనిట్ వన్‌లో ఉండేదంతా అక్కణ్ణించే. 1935లో మాస్కో బయట కొమరొవ్క అనే పల్లెలో అలెగ్జాండ్రోవ్‌తో కలిసి ఒక ఇల్లు. శిష్యులు అక్కడికి వచ్చి మంచులో స్కీయింగ్ చేసి, ఏట్లో ఈది, భోజనం చేసి, గణితం మాట్లాడుకుని వెళ్ళేవారు.

1936 జులై. ప్రావ్దా పత్రిక లూజిన్ మీద విరుచుకుపడింది, సోవియట్ ముసుగులో ఉన్న శత్రువని. సైన్స్ అకాడమీ విచారణ సంఘం వేసింది. ఆరోపణల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి, మంచి పేపర్లు విదేశాల్లో వేసి నాసిరకంవి ఇంట్లో వేస్తున్నాడని. రెండోది, శిష్యుల ఫలితాలని తన పేరు మీద వేసుకున్నాడని. ఎదురుగా కూర్చుని మాట్లాడినవాళ్ళలో ఆయన శిష్యులే ఉన్నారు. అలెగ్జాండ్రోవ్ ఉన్నాడు. అలెగ్జాండ్రోవ్ అంత గట్టిగా కాకపోయినా కోల్మోగోరోవ్ కూడా ఆ వైపే నిలబడ్డాడు.

ఆ కాలంలో శత్రువు అనే ముద్ర పడితే మనిషి మిగలడం కష్టం. లూజిన్‌కి గురువైన యెగోరోవ్‌ని 1930లోనే అరెస్టు చేశారు, మరుసటి ఏడు ఆయన చనిపోయాడు. ఇది అక్కడ ఉన్న అందరికీ తెలుసు. లూజిన్ అదృష్టవశాత్తూ బతికాడు. అరెస్టు చెయ్యలేదు, అకాడమీ సభ్యత్వం కూడా పోలేదు, కానీ ఆ మచ్చ పోలేదు. ఆ 1936 తీర్మానాన్ని రష్యా అకాడమీ రద్దు చేసింది 2012లో. అప్పటికి ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరూ లేరు.

ఆరోపణ పూర్తిగా అబద్ధం అని కూడా అనలేం. శిష్యుల క్రెడిట్ విషయంలో లూజిన్ పద్ధతి మీద గుసగుసలు ముందునుంచీ ఉన్నాయి. కానీ కాలేజీలో పరిష్కరించుకోవాల్సిన తగాదాని పోలీసు రాజ్యం ముందు పెట్టడం వేరు. కోల్మోగోరోవ్ భయపడ్డాడా, కోపంతో ఉన్నాడా, రెండూనా, నేను తేల్చలేను. హాస్టల్ గదిలో కూర్చుని 1936 మాస్కోకి ధైర్యం నేర్పడం సులువు. పోస్టర్ మీద ఒక పేరు ఎక్కువ రాయడానికే నాకు చోటు సరిపోలేదు. పదేళ్ళ తర్వాత, 1946లో, అకాడమీ ఎన్నికల్లో అలెగ్జాండ్రోవ్‌కి మద్దతు ఇస్తానని లూజిన్ మాట తప్పాడని కోల్మోగోరోవ్ ఆయన్ని చెంపదెబ్బ కొట్టాడని చాలామంది రాశారు. అంటే అది ఎప్పటికీ చల్లారలేదు.

ఆ విచారణ జరిగిన మరుసటి సంవత్సరం వచ్చిందే మన పేపర్. లోహాలు స్ఫటికాలుగా మారడం గురించిన గణాంక సిద్ధాంతం. 355వ పేజీ నుంచి 359 దాకా, మొత్తం అయిదు పేజీలు.

ఆయన రాసింది కరిగిన లోహం గడ్డకట్టడం గురించి. కానీ లెక్క అదే. కరిగిన లోహంలో అక్కడొకటి ఇక్కడొకటి బీజాలు పుడతాయి, అన్ని వైపులా ఒకే వేగంతో పెరుగుతాయి, ఒకదానికొకటి తగిలిన చోట ఆగిపోతాయి. ఆ ఆగిపోవడమే తలనొప్పి. ఏ గ్రెయిన్ దేనికి ఎక్కడ తగిలిందో చూసుకుంటూ కూర్చుంటే జీవితం సరిపోదు. నా కోడ్ అయితే ఆ తగలడాన్నే మర్చిపోయింది.

తొలకరి వాన పడేటప్పుడు డాబా మీద నిలబడి చూడండి. ఎండిన సిమెంట్ మీద మొదటి చినుకు, రూపాయి బిళ్ళంత తడి. ఇంకో చోట ఇంకోటి. మొదట్లో చినుకుల్ని లెక్కపెట్టి బిళ్ళ సైజుతో గుణిస్తే తడిసిన చోటు దాదాపు కరెక్టుగా వస్తుంది. కాసేపయ్యాక కొత్త చినుకులు తడిసిన చోటే పడతాయి. చినుకుల లెక్క పెరుగుతూనే ఉంటుంది, డాబా మాత్రం అంతే ఉంటుంది. నా 137 శాతం ఆ చినుకుల లెక్క.

కోల్మోగోరోవ్ చినుకుల వైపు చూడటం మానేసి డాబా వైపు చూశాడు. ఏదో ఒక బిందువు తీసుకో. ఈ బిందువు ఇంకా పొడిగా ఉండే సంభావ్యత ఎంత? పొడిగా ఉండాలంటే, దాన్ని ఈపాటికి అందుకోగలిగేంత దగ్గర్లో, అంత ముందుగా, ఏ చినుకూ పడి ఉండకూడదు. చినుకులు ఎక్కడ పడాలో ఒకదాన్నొకటి అడక్కుండా పడుతున్నాయి కనక ఒక్కటీ పడకపోయే సంభావ్యత సూటిగా ఒక ఎక్స్‌పొనెన్షియల్. మన పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్‌లో సున్నా కేసు, అంతే. దాన్ని 1లోంచి తీసేస్తే మారిన భాగం. ఏది దేనికి తగిలిందో చూడనే అక్కర్లేదు. అతివ్యాప్తి అంతా ఆ ఒక్క ప్రశ్నలో కలిసిపోయింది. రూమ్మేట్ అట్ట మీద రాసిన లైను ఇదే.

బీజాలు అన్ని వేళలా ఒకే రేటుతో పుడుతుంటే, ఎక్స్‌పొనెన్షియల్ లోపల కాలానికి 4వ ఘాతం వస్తుంది. అన్నీ మొదట్లోనే పుట్టేసి ఆ తర్వాత పెరగడమే అయితే 3వ ఘాతం. మూడు కొలతల్లో పెరగడానికి 3, పుట్టుక కొనసాగడానికి ఇంకో 1. ఇంత సుబ్బరంగా ఉన్న వివరణ నేను మా టెక్స్ట్‌బుక్‌లో చూడలేదు.

అయితే అల్యూమినియం ఇంత బుద్ధిగా వినదు. హాట్ రోలింగ్ చేసిన మిశ్రమాల్లో కొలిస్తే ఆ ఘాతం 3, 4 కాకుండా 2 చుట్టూ రావడం మామూలట. ఎందుకంటే కొత్త గ్రెయిన్లు ఎక్కడ పడితే అక్కడ పుట్టవు. పాత గ్రెయిన్ల సరిహద్దుల వెంట పుడతాయి. ఒక మైక్రాన్ కంటే పెద్ద గట్టి కణాలు ఉంటే, వాటి చుట్టూ లోహం ఎక్కువ నలుగుతుంది కనక అక్కడ పుడతాయి. రోలింగ్‌లో సాగిన గ్రెయిన్ల సరిహద్దులు పొరలుపొరలుగా దగ్గరపడతాయి, కాబట్టి బీజాలూ వరసలు కడతాయి. డాబా మీద చూరు నీళ్ళు కారే గీత వెంట మాత్రమే తడి ఎక్కువ అవ్వడం లాంటిది. పైగా అల్యూమినియంలో ఇంకో మెలిక ఉంది. వేడిలో అది నలుగుతూనే తన లోపాలు కొన్ని తనే సర్దేసుకుంటుంది, అంటే కొత్త గ్రెయిన్లకి తిండి అయ్యే శక్తి కాలంతోపాటు తగ్గిపోతుంది. ఒకే వేగంతో పెరుగుతాయన్న ఊహ కూడా అక్కడ సడలుతుంది.

కంప్యూటర్ మోడళ్ళు వచ్చింది అందుకే. లోహాన్ని చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో ఎంత శక్తి దాగి ఉందో రాసుకుని, ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడే బీజం పెట్టి, పక్క గళ్ళలోకి పాకనివ్వడం. సెల్యులర్ ఆటోమేటా అని మనకి తెలిసిన ఆటే. రోలింగ్ వేగం, ఉష్ణోగ్రత కలిపి జీనర్-హోలొమన్ పరామితి అని ఒక సంఖ్య చేస్తారు, ఎంతగా నలిగిందో దానికి జోడిస్తారు, సగం మారడానికి పట్టే కాలం దాన్నుంచి అంచనా వేస్తారు. కానీ ఇలాంటి ఏ మోడల్ రాసినా మొదటి టెస్ట్ ఒకటే. బీజాల్ని గుడ్డిగా చల్లి, కోల్మోగోరోవ్ గీత వస్తుందో లేదో చూడటం. అది రాకపోతే కోడ్‌లో తప్పున్నట్టు. నేనూ అదే చేశాను, రూమ్మేట్ చెప్పాకే.

గుడ్డిగా చల్లడం అన్నాను కదా. అక్కడ మన దేశం వస్తుంది. 1962లో కోల్మోగోరోవ్ కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. మహలనోబిస్ పెట్టిన సంస్థ. అక్కడ అప్పుడు పాఠాలు, పరిశోధన నడిపిస్తున్న పెద్దల్లో మన సి.ఆర్. రావుగారు ఒకరు, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసినవారు. రావుగారి దగ్గర పరిశోధన చేస్తున్న వరదన్ అనే కుర్రాడి థీసిస్‌ని పరీక్షించినవాళ్ళలో కోల్మోగోరోవ్ ఉన్నాడు. ఆ వరదన్‌కి 2007లో ఏబెల్ ప్రైజ్ వచ్చింది. ఆ సంస్థ పత్రిక పేరు సాంఖ్య. 1963లో కోల్మోగోరోవ్ అందులో యాదృచ్ఛిక సంఖ్యల పట్టికల మీద ఒక పేపర్ వేశాడు. అంకెల వరస ఒకటి ఎదురుగా పెట్టి, ఇది నిజంగా గుడ్డిగా వచ్చిందా అని అడిగితే ఏం చెప్పాలి? ఏ అల్గారిథమ్ పెట్టి అందులోంచి కొన్ని అంకెల్ని ఏరినా ఒకట్ల వాటా మారకూడదు అన్న దారిలో ఆయన వెళ్ళాడు. రెండేళ్ళకి, 1965లో, అది కోల్మోగోరోవ్ కాంప్లెక్సిటీ అయింది. ఒక వరసని పుట్టించగల అతి చిన్న ప్రోగ్రామ్ ఎంత పొడుగో, ఆ వరస అంత క్లిష్టం అని. నా కోడ్‌లో బీజాలు చల్లే ర్యాండమ్ ఫంక్షన్ ఒక్క లైను, సీడ్ 42. ఆయన లెక్కలో అది అసలు ర్యాండమే కాదు.

ఇదే కాలంలో ఆయన కవిత్వం మీద కూడా పడ్డాడు. మన క్లబ్బు కోసం ఇది చెప్పి తీరాలి. మయకోవ్‌స్కీ కవితల లయని, నొక్కి పలికే అక్షరాల్ని, సంఖ్యలుగా మార్చి విశ్లేషించాడు. మన గురువులు లఘువులు పుట్టుకతోనే బైనరీ. ఎవరైనా ప్రాజెక్ట్‌గా తీసుకుంటారా?

వెనక్కి ఒక అడుగు, 1940. లైసెంకో అనే వ్యవసాయ నాయకుడు స్టాలిన్ అండతో జన్యుశాస్త్రాన్ని తొక్కుతున్న రోజులు. ఆయన వర్గంలోని ఒక పరిశోధకురాలు, మెండెల్ 3:1 నిష్పత్తి తప్పని ప్రయోగాల లెక్కలు వేసింది. కోల్మోగోరోవ్ ఆ లెక్కలే తీసుకుని, అవి మెండెల్‌ని అద్భుతంగా సమర్థిస్తున్నాయని ఒక పేపర్ రాశాడు. లైసెంకో కోపంగా జవాబు రాశాడు. ఆ ఆగస్టులోనే పెద్ద జన్యుశాస్త్రవేత్త వవిలోవ్‌ని అరెస్టు చేశారు. అంటే పేపర్ రాయడం చిన్న విషయమేం కాదు. 1936లో మాష్టారి ఎదురుగా కూర్చున్న మనిషే 1940లో ఇది చేశాడు. ఈ రెండింటినీ కలిపి ఒక మనిషిని చెయ్యడం నా వల్ల కావట్లేదు, అందుకే పక్కపక్కన పెడుతున్నాను.

ఇంకోటి కూడా పక్కన పెట్టాలి. 1960లో మాస్కో యూనివర్సిటీ సెమినార్లో, రెండు పెద్ద సంఖ్యల్ని గుణించడానికి అంకెల సంఖ్య వర్గం అన్ని స్టెప్పులు తప్పవని తను అనుకుంటున్నట్టు కోల్మోగోరోవ్ చెప్పాడు. వారం తిరక్కుండా 23 ఏళ్ళ కరత్సూబా అంతకంటే తక్కువలో చేసి చూపించాడు. డీఏఏలో మనం చదివే అదే కరత్సూబా. కోల్మోగోరోవ్ కంగారుపడ్డాడు, తర్వాతి సమావేశంలో ఆ పద్ధతి అందరికీ వివరించి సెమినార్ ముగించేశాడు. తర్వాత కుర్రాడికి చెప్పకుండా ఆ పేపర్ తనే రాసి పంపించాడు. 1962లో అచ్చయింది. పేరు కరత్సూబాది, అదే వ్యాసంలో ఒఫ్‌మన్ అనే ఇంకో శిష్యుడి ఫలితం ఉంది కనక అతనిది. కోల్మోగోరోవ్ పేరు లేదు. అచ్చు కాపీలు చేతికొచ్చాకే కరత్సూబాకి తెలిసింది తనకొక పేపర్ ఉందని.

శిష్యుల ఫలితాలు దొంగిలించాడని గురువు మీద మాట్లాడి 26 ఏళ్ళు. నేను ఇక్కడ చాలాసేపు ఆగాను.

మిగతాది తొందరగా. 1941లో సుడులు తిరిగే ప్రవాహాల సిద్ధాంతం. 1950ల్లో గ్రహాల కదలికల మీద పని, 19 ఏళ్ళ ఆర్నోల్ద్‌తో హిల్బర్ట్ 13వ సమస్య. 2024లో మనందరం స్టేటస్‌లు పెట్టుకున్న కాన్ న్యూరల్ నెట్‌వర్క్ పేరు ఈ గురుశిష్యులదే. 1963లో తెలివైన ఊరి పిల్లల కోసం మాస్కోలో ఒక బోర్డింగ్ బడి మొదలైంది. ప్రపంచ ప్రసిద్ధుడైన ఆ ముసలాయన ఏళ్ళ తరబడి జీతం లేకుండా అక్కడ పాఠాలు చెప్పాడు, పిల్లలకి సంగీతం వినిపించాడు, నడకలకి తీసుకెళ్ళాడు. దేశం మొత్తానికి ఆయన మార్చిన గణితం పుస్తకాలు మాత్రం పిల్లలకి కొరుకుడుపడలేదు, 1970ల చివర్లో తోటి విద్వాంసులే ఏకిపారేశారు. చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ వచ్చింది, చూపు దాదాపు పోయింది. అప్పుడు శిష్యులే వంతులేసుకుని దగ్గరుండి చూసుకున్నారు. 1987 అక్టోబర్ 20న చనిపోయాడు.

పోస్టర్ పీడీఎఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు గత వారం మళ్ళీ అడిగారు, ఆర్కైవ్ కోసమని. ఫైల్ తెరిచి సమీకరణం పక్కన కోల్మోగోరోవ్, జాన్సన్, మెల్, అవ్రామీ అని వరసలో రాశాను. పైన అయిదో పేరు చేర్చాను. ఫాంట్ కొంచెం తగ్గించాల్సి వచ్చింది. మిగతా ముగ్గురికీ ముందే చెప్పాను, ఒకడు సణిగాడు, ఒప్పుకున్నాడు. రూమ్మేట్‌కి చెప్పకుండా పంపేద్దామనుకున్నా కానీ అంత పెద్దమనిషితనం నాకు లేదు, స్క్రీన్ వాడి వైపు తిప్పాను. పేరు దగ్గర ఆగాడో లేదో నాకు తెలియలేదు. కింద ఉన్న గ్రెయిన్ల ఫొటో మీద వేలు పెట్టి, దీనికి స్కేల్ బార్ ఏదని అడిగాడు.